పద్నాలుగో గడి

మా అమ్మ కువైట్ వెళ్ళకుండా ఆగడానికి ఒక్కటే దారి ఉండేది. శుక్రవారం నాడు రాజమండ్రి కంపెనీ వాళ్ళ ఎదుట కూర్చుని వంద పూతరేకులు తియ్యాలి. అందులో చిరిగినవి పదికి మించకూడదు. అమ్మకి అదేమీ పెద్ద పని కాదు. పెళ్ళిళ్ళ రోజుల్లో మూడు వందలు తీసి గాని పొయ్యి ఆర్పేది కాదు. అందుకే గురువారం పొద్దున్న వరకూ మా ఇంట్లో ఎవరికీ భయం లేదు.

గురువారం పొద్దున్న నేను ఒక పని చేశాను.

నాకు పదహారేళ్ళు. మా ఊరి హైస్కూల్లో పది పాసై, కొత్తపేటలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నలుగురిలో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది మేడం గారికి వినపడక రెండు రోజులు రానట్టే పడింది. అందుకని చెప్పాలనుకున్నవన్నీ నోటుబుక్కులో రాసుకుంటాను. రాసుకుంటే చెప్పేసినట్టే ఉంటుంది.

మా నాన్న పేరు పెద్దిరాజు. కొబ్బరికాయల దింపు ఆయన పని. రెండేళ్ళ కిందట చెట్టు మీంచి పడ్డాక మళ్ళీ ఎక్కలేదు. కర్ర పట్టుకుని అరుగు మీదికీ పెరట్లోకీ వస్తారు, అంతే. అప్పట్నించి ఇల్లంతా అమ్మ పొయ్యి మీదే నడుస్తోంది. అమ్మ పేరు చిన్నతల్లి. మా పెరట్లో తాటాకు పాక కింద పొయ్యి ఉంటుంది. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. బియ్యప్పిండిని నీళ్ళలా పల్చగా కలిపి, అందులో సన్నటి గుడ్డ ముంచి, రెండు చేతులతో పట్టుకుని కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. లాగడం తెలిసిన చేతికి క్షణం పని. తెలియని చేతికి ఏళ్ళు పడతాయంటారు.

నేనెప్పుడూ లాగలేదు. అమ్మ నన్ను ఆ పాకలోకే రానివ్వదు. ‘ఈ పొగ నాతోనే పోవాలి, నువ్వు పుస్తకం పట్టుకో’ అంటుంది. ఇరవై ఏళ్ళ పొగకి అమ్మకి ముక్కు పనిచెయ్యడం మానేసింది. సాంబ్రాణి వేసినా తెలీదు.

పెళ్ళిళ్ళు లేని నెలల్లో రేకులు కొనేవాళ్ళుండరు. మొన్నటి వానాకాలం పొయ్యి రెండు నెలలు వెలగలేదు. అప్పుడే అమ్మ మలికిపురంలో సత్యం గారనే ఏజెంటుకి పాస్‌పోర్టు ఇచ్చింది. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని. రెండేళ్ళు. పాస్‌పోర్టు ఫొటో చూసి నాన్న, “కువైటోళ్ళు ఈ మొహం చూసి భయపడి నిన్ను విమానంలోంచి దిగనివ్వరే,” అన్నారు. అమ్మ నవ్వింది. నేను ఆ రోజు నోటుబుక్కులో ఏమీ రాయలేకపోయాను.

సరిగ్గా అప్పుడు అనురాధ గారు మా ఊరు వచ్చారు.

చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి పని నేర్పించే సంస్థ ఆవిడది. పని అంటే పని కాదు, పనిని వ్యాపారంగా చేసుకోవడం. మా ఊళ్ళో పన్నెండు మందిని ఎంచుకున్నారు. పచ్చళ్ళ వాళ్ళు, కుట్టుమిషన్ల వాళ్ళు, పీచు తాళ్ళు పేనేవాళ్ళు, రేకులు తీసేవాళ్ళు. మూడు రోజులు పంచాయతీ హాల్లో చెప్పి, తర్వాత ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి, వాళ్ళ పని దగ్గరే కూర్చోవడం మొదలుపెట్టారు.

మా ఇంటికి వచ్చిన రోజు పొయ్యి పక్కన పీట వేయించుకుని కూర్చున్నారు.

“మీరు తియ్యండి చిన్నతల్లి గారూ. నేనున్నానని అనుకోకండి.”

“ఎలా అనుకోనండీ, ఉన్నారు గదా. ముందు కాఫీ తాగండి.”

“కాఫీ తర్వాత. ముందు రేకు.”

“ఆయ్,” అని అమ్మ మొదలుపెట్టింది. ఆవిడ ఫోన్లో టైము పెట్టుకుని కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. గంట అయ్యాక, “మీరు పదకొండుసార్లు లేచేరు. ఆకుకి ఐదుసార్లు, నీళ్ళకి మూడు, పళ్ళేనికి మూడు. ఎందుకు లేచేరు?” అని అడిగారు.

“అవి అక్కడున్నాయి గదండీ.”

“ఇక్కడుంటే?”

అమ్మ ఆలోచించి, సిగ్గుపడి నవ్వింది. ఆవిడే చీర కొంగు దోపుకుని ఆకుల మోపు ఎడమ చేతి పక్కకి ఈడ్చారు. నీళ్ళ బిందె జరిపారు. పళ్ళెం పెట్టడానికి మా స్టూలు తెచ్చారు. రెండో రోజుకి అదే టైములో అమ్మ నలభై రేకులు ఎక్కువ తీసింది. అరుగు మీంచి నాన్న, “మా ఆవిణ్ణి ఒకచోట కూర్చోబెట్టిన మొదటి మనిషి మీరేనండీ మేడం గారూ. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా నా వల్ల కాలేదు,” అన్నారు.

ఇంకో రోజు, రేకుకి ధర ఎలా కట్టారో చెప్పమన్నారు. అమ్మ బియ్యం, ఆకు, గుడ్డ అన్నీ చెప్పింది.

“మీ కూలి?”

“నా ఇంట్లో నాకు కూలేంటండీ!”

“అదే కూలీ మనిషిని పెడితే ఇస్తారా ఇవ్వరా?”

“ఇస్తామండి.”

“మరి మీరు మనిషి కాదా?”

అమ్మ ఆ మాట ఆ రోజంతా నాన్నతో, నాతో, పక్కింటివాళ్ళతో చెప్పుకుంది.

అనురాధ గారే రాజమండ్రిలో ఒక మిఠాయి కంపెనీతో మాట్లాడారు. ఏడాది పొడుగునా రేకులు తీసుకుంటారట. మా ఊళ్ళో రెండు పొయ్యిలకి మాత్రం ఒప్పందం రాసిస్తారట. వాళ్ళ మనిషి శుక్రవారం వచ్చి చూస్తారు. ఆ మాట విన్నాక అమ్మ గుడ్డ పిండుతూ, “ఏడాదంతా పొయ్యి వెలిగితే నేనెక్కడికీ ఎళ్ళక్కర్లేదు,” అంది. నాకేసి చూసి అనలేదు. కానీ నాకే చెప్పింది.

శుక్రవారానికి ముందు పన్నెండు ఇళ్ళకీ ఒక కాగితం ఇచ్చారు. ఇరవై రెండు గళ్ళు. గోళ్ళు కత్తిరించుకున్నారా, తలకి గుడ్డ కట్టుకున్నారా, ఈగలు రాకుండా మూతలున్నాయా, అన్నీ. చేసింది చేసినట్టు టిక్కు పెట్టాలి. అమ్మ రెండో తరగతితో ఆపేసింది. అనురాధ గారు నా నోటుబుక్కు అట్ట మీద పేరు చూసి, “ఇంత బాగా రాస్తావా! అయితే ఈ కాగితం పూచీ నీది సత్యదుర్గా. చెయ్యనిదానికి మాత్రం టిక్కు పెట్టకు,” అన్నారు. నాకు ఎవరూ ఎప్పుడూ ఏ పూచీ ఇవ్వలేదు. ఆ కాగితాన్ని క్యాలెండరు పక్కన అన్నం మెతుకులతో అంటించాను.

బుధవారం సాయంత్రానికి ఇరవై ఒక్క టిక్కులు పడ్డాయి. మిగిలింది పద్నాలుగో గడి. ‘తయారీలో వాడే ప్రతి పాత్రనూ సబ్బుతో, పీచుతో రుద్ది కడిగి ఆరబెట్టడమైనది.’

“అమ్మా, పాత్రలు కడిగావా?” అని అడిగాను.

“అన్నీ కడిగేశాను గదే, పెట్టేసుకో.”

వెళ్ళి చూశాను. పళ్ళేలు, గిన్నెలు, బిందెలు మెరుస్తున్నాయి. కుండలు రెండూ మాత్రం ఎప్పట్లాగే పాత చీర గుడ్డ చుట్టి, నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. అమ్మ కుండని కడగడం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకు కడగదో అడగనూ లేదు. నేను టిక్కు పెట్టలేదు.

గురువారం అమ్మ మొదటి బస్సుకి మలికిపురం వెళ్ళింది. సత్యం గారు ఫోను ఎత్తడం లేదు. కంపెనీ మాట తేలేదాకా ఒక్క వారం ఆగమని అడిగి రావాలని. నాన్నకి తోడుగా ఉండమని నన్ను కాలేజీ మానిపించింది.

నాన్న అరుగు మీద కునుకు తీశారు. నేను రెండు కుండలూ నూతి దగ్గరికి మోసుకెళ్ళాను. గిన్నెల సబ్బు, ఇనప పీచు తీసుకున్నాను. నల్లటి జిడ్డు తొందరగా వదల్లేదు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని రుద్దాను. కాటుకలాంటి నీళ్ళు కారాయి. గంటకి పైగా రుద్దాక అక్కడక్కడ మట్టి రంగు బయటపడింది. అరచేతులు మండాయి. నిమ్మకాయ వాసన వచ్చింది. అమ్మ వచ్చి చూసి ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. ఎండలో ఆరబెట్టి, మళ్ళీ అదే గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టి, ఎర్ర పెన్నుతో పద్నాలుగో గడిలో టిక్కు పెట్టాను. ఆ రోజు నోటుబుక్కులో ‘ఇరవై రెండుకి ఇరవై రెండు’ అని రాసి కింద గీత కూడా గీశాను.

అమ్మ మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడింది.

“వారం ఆగడం కుదరదన్నాడు. శనివారం పదింటికల్లా చెప్పాలంట. లేపోతే ఆ టికెట్టు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాడంట.”

“ఇచ్చుకోనీ,” అన్నారు నాన్న. “రేపు శుక్రవారమే గదా. రేపు మధ్యాహ్నానికి నువ్వు కంపెనీ మనిషివి.”

“చెయ్యి ఓసారి ఆడించుకుంటాను,” అని అమ్మ లేచింది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అమ్మ గుడ్డ విప్పింది. పాకలో పొగచూరిన చీకటి. కుండ బోర్లించి మంట పెట్టింది. పిండి కలిపింది. గుడ్డ ముంచి లాగింది.

రేకు లేవలేదు. కుండకి అతుక్కుపోయింది. అమ్మ దాన్ని ఒలవబోతే ముక్కలుగా వచ్చింది. ‘ఇంకా కాగలేదు’ అనుకుంటూ ఆకు ఎగదోసింది. మళ్ళీ లాగింది. చిరిగింది. పిండి మార్చింది. గుడ్డ మార్చింది. నెయ్యి రాసింది. ఆరు, ఏడు, ఎనిమిది. పళ్ళెం నిండా చిరిగిన ముక్కలు. రెండో కుండ పెట్టింది. అదీ అంతే.

అప్పుడు మంట తగ్గించి కుండ వీపు మీద వేలితో రాసింది. అమ్మ మొహం మారిపోయింది.

“ఇదేంటే, గరగరలాడుతుంది.” దీపం తెమ్మంది. తెచ్చాను. వెలుతురులో మట్టి రంగు మచ్చలు కనిపించాయి. “ఎవరో కుండ గీకేశారు. దుర్గా, నువ్వు గాని ముట్టుకున్నావా?”

నేను తల అడ్డంగా ఊపాను.

ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలీదు. మాట అయితే పైకి వచ్చేది కాదు. తల మాత్రం ఊగింది. ఒక్కసారి ఊగాక వెనక్కి తీసుకోలేకపోయాను.

మా పెరటికి గోడ లేదు. పక్క పెరడు పాపాయమ్మ గారిది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, అమ్మకి వరసకి అత్త. ఆవిడా రేకులు తీస్తారు. రేపటి వరసలో ఆవిడ కూడా ఉన్నారు. అమ్మ కొంగు బిగించి పెరటి హద్దు దగ్గరికి వెళ్ళింది.

“అత్తా! ఇలా రా! నా కుండ గీకితే నీకేం ఒరిగింది?”

పాపాయమ్మ గారు చేట చేతిలో పట్టుకుని బయటికి వచ్చారు. “ఏవంటున్నావే?”

“నేనూళ్ళో లేనని చూసి వచ్చేవు. రెండు పొయ్యిలే రాస్తారని గదా!”

“ఓసి నీ నోరు పడా! నీ కుండ ముట్టుకోడానికి నాకేం కర్మే? నా కుండ నాకు లేదా?”

“నా ఇంట్లో నేను, నా మొగుడు, నా పిల్ల. ఇంకెవరు గీకుతారు? దేవుడు దిగొచ్చి గీకేడా?”

“అడుగు మరి, నీ దేవుణ్ణే అడుగు! నలభై ఏళ్ళ నించి పొయ్యి దగ్గర కూచున్నాను, ఒకళ్ళ కుండ మీద చెయ్యి వేసిన పాపం నాకు లేదు. నీకు పుట్టబోయే మనవలకి కూడా ఈ మాట తగుల్తుంది చూడు!”

వీధిలో జనం ఆగారు. అమ్మ ఏడుస్తూ ఇంకా అరుస్తోంది. నేను నూతి పక్కన నిలబడ్డాను. నా కాళ్ళ దగ్గర ఇనప పీచు పడి ఉంది. దాన్ని కాలితో మట్టిలోకి తొక్కేశాను.

పాక దగ్గరికి వచ్చేసరికి నాన్న పళ్ళెంలోంచి ఒక రేకు ముక్క తీసి నోట్లో వేసుకుని నములుతున్నారు. నమలడం ఆపారు. నా వైపు చూశారు. ముక్క అరచేతిలోకి ఉమ్మి, వాసన చూశారు.

“నిమ్మకాయ సబ్బు,” అన్నారు మెల్లగా.

నేను తల దించుకున్నాను.

“దీపాలు పెట్టే వేళ దాకా ఆగుతాను. నువ్వు చెప్పు. లేదంటే నేను చెప్తాను. నేను చెప్తే నువ్వు దాచినట్టవుద్ది.”

నోటుబుక్కు తీసుకుని జరిగిందంతా ఒక పేజీలో రాశాను. పేజీ చింపాక గుర్తొచ్చింది, అమ్మ చదవలేదు. నాన్నకి తెలుసు. చదవాల్సిన మనిషి ఇంకొకరున్నారు, ఆ తిట్లన్నీ పడ్డ మనిషి. పెరడు దాటి వెళ్ళి, పాపాయమ్మ గారు చేట పట్టుకుని బియ్యం చెరుగుతుంటే ఎదురుగా నిలబడి కాగితం చాపాను.

“ఏంటిది? మీ అమ్మ కోర్టు నోటీసు పంపిందా?”

నేను తల ఊపాను, కాదని.

“కళ్ళజోడు మా మనవరాలు పింకీ విరగ్గొట్టేసింది. నాకేం కనపడతాది? నోటితో చెప్పు.”

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ చెరగడం మానలేదు. “చెప్పవా? అయితే ఎళ్ళు. బియ్యంలో నీడ పడుతుంది.”

“కుండ నేనే కడిగానండి మామ్మగారూ,” అన్నాను.

చేట ఆగింది.

“కడిగేవా? నీళ్ళతోనా?”

“సబ్బుతోనండి. ఇనప పీచుతో.”

“రెండూనా?”

“ఆయ్.”

పాపాయమ్మ గారు చేట పక్కన పెట్టి, మొహం రెండు చేతులతో కప్పుకున్నారు. తిడతారనుకున్నాను. “ఏంటమ్మా ఇది,” అన్నారు చివరికి. “కొత్త కుండ రేకుకి రావాలంటే నలభై రోజులు. రోజూ మంట పెట్టాలి, నూనె గుడ్డతో రాయాలి, పిండి లాగాలి, మాడ్చాలి. ఆ మాడు పొరే కుండకి చర్మం. నువ్వు చర్మం ఒలిచేశావు. పైగా మట్టి సబ్బు తాగేసుంటుంది. ఇంకది పాదు పెట్టుకోడానికే.”

“ఆ కాగితంలో ఉందండి. పద్నాలుగో గడి.”

“ఆ గళ్ళన్నిటికీ మా పింకీ మంచం మీద పడుకుని ఒక్క నిమిషంలో టిక్కులు కొట్టేసింది. నీలా నిజంగా చేసేవాళ్ళుంటారా!”

నేను ఏడ్చేశాను. “మీ కుండ ఒకటి ఇవ్వండి మామ్మగారూ. రేపటి ఒక్క రోజుకి.”

“కుండ పొయ్యి దిగదమ్మా. మా అత్తగారు ఇవ్వలేదు, నేనివ్వను. చెయ్యి మారితే చెడుద్ది.” ఆవిడ లేచి పాకలోకి నడిచారు. వెనకే వెళ్ళాను. పొయ్యిలు రెండు. ఒకదాని మీద ఆవిడ కుండ. రెండోదాని మీద కొత్త తువ్వాలు కప్పిన ఇంకో కుండ. తువ్వాలు తీశారు. అద్దంలా నల్లగా మెరుస్తోంది.

“ఇది మా కోడలిది. కువైట్ ఎళ్ళింది. రెండేళ్ళంది, మూడో ఏడు నడుస్తుంది. ఆదివారం ఆదివారం దీనికి మంట పెట్టి నెయ్యి రాస్తున్నాను, వచ్చేసరికి చల్లారిపోకుండా.” కాసేపు దాన్నే చూశారు. “కుండ ఇక్కణ్ణించి కదలదు. మనిషి కదలొచ్చు. మీ అమ్మని రమ్మను. కానీ ముందు నువ్వు చెప్పు. చెప్పకుండా పంపితే రానివ్వను.”

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. నేను మొదటిసారి ఆ పొయ్యి ముందు అమ్మ పక్కన కూర్చున్నాను. చెప్పాను. ఈసారి తల ఊపలేదు, మాటలతోనే చెప్పాను.

అమ్మ నన్ను కొట్టలేదు. “ఎంతసేపు రుద్దేవు?” అని అడిగింది.

“గంట.”

“గంట...” అమ్మ కుండ వీపు మీద చెయ్యి వేసింది. “ఇది మా అమ్మ నా పెళ్ళికిచ్చింది. నీకంటే రెండేళ్ళు పెద్దది.”

“నువ్వు నన్నెప్పుడూ ఇక్కడికి రానివ్వలేదు గదమ్మా. నాకెలా తెలుస్తుంది?”

అలా అనాలనుకోలేదు. అనేశాక అమ్మ మొహం చూడలేకపోయాను. అమ్మ లేచి, మొహం కడుక్కుని, పెరటి హద్దు దాకా వెళ్ళి నిలబడింది.

“అత్తా. తప్పు మాటన్నాను.”

“అన్నావు,” అన్నారు లోపల్నించి పాపాయమ్మ గారు. “మనవల్దాకా వెళ్ళి నేనూ అన్నాన్లే. గుడ్డ నీదే తెచ్చుకో. నా గుడ్డ నీ చేతికి కుదరదు.”

శుక్రవారం పది గంటలకి అనురాధ గారు, కంపెనీ మనిషి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు వచ్చారు. ఆయన చేతిలో అట్ట, దాని మీద ఫారాలు. ముందు పాపాయమ్మ గారు తీశారు. వందకి ఆరు చిరిగాయి. తర్వాత అమ్మ కోడలి కుండ ముందు కూర్చుంది.

ఆ కుండ వేడి వేరు. దాని గుండ్రం వేరు. మొదటి పద్నాలుగులో తొమ్మిది చిరిగాయి. నేను వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. ఇంక ఒక్కటే మిగిలింది. అమ్మ ఆగి, కళ్ళు మూసుకుని, కుండ మీద అరచెయ్యి గాల్లో తిప్పింది. ఆకు కొంచెం వెనక్కి లాగింది. మళ్ళీ మొదలుపెట్టింది. పదిహేను. ఇరవై. నలభై. రేకు తర్వాత రేకు లేచి పళ్ళెంలో పడింది. వందో రేకు తీసి అమ్మ గుడ్డ పిండేసరికి చిరిగినవి ఆ తొమ్మిదే.

రావు గారు ఒక రేకు వెలుతురుకి పట్టి చూశారు. “ఇంత పల్చటి రేకు ఈ మధ్య నేను చూడలేదండీ,” అన్నారు. నాకు ఊపిరి వచ్చింది. “ఇది పాపాయమ్మ గారి పొయ్యి. పదండమ్మా, మీ పొయ్యి చూద్దాం.”

మా పాకలో పొయ్యి చల్లగా ఉంది. పక్కన రెండు కుండలు, మచ్చలు మచ్చలుగా. అనురాధ గారు వాటిని చూసి, గోడ మీద కాగితం దగ్గరికి నడిచారు. ఇరవై రెండు టిక్కులు. పద్నాలుగో దాని దగ్గర ఆవిడ వేలు ఆగింది.

“కుండలు కూడా కడిగేరా?”

“నేనేనండి,” అన్నాను. ఆవిడకి వినపడేలా అన్నాను.

ఆవిడ రావు గారి వైపు తిరిగారు. “సార్, ఈ కాగితం నాది. పచ్చళ్ళకీ కుట్టుపనికీ రేకులకీ ఒకటే అచ్చు కొట్టించి పంచేను. ఇన్నాళ్ళు ఈ కుండ ముందు కూర్చుని టైము చూశాను గాని, దీన్నెందుకు కడగరో ఒక్కసారి అడగలేదు. ఈ పిల్ల చేసింది నేను చెప్పిన పనే.”

“తప్పెవరిదని కాదు మేడం,” అన్నారాయన మెత్తగానే. “సోమవారం నించి సరుకెక్కాలి. అమ్మా, సోమవారం మీ పొయ్యి మీద రేకు లేస్తుందా?”

లేస్తుందని అనొచ్చు. నాన్న అమ్మ వైపు అలాగే చూశారు, అనమన్నట్టు. అమ్మ తల దించుకుని, “లేవదండి,” అంది.

“నా దగ్గర కూర్చుని తీస్తాది, రాసుకోండి,” అన్నారు పాపాయమ్మ గారు.

“ఒక ఇంటికి ఒకటే పొయ్యి రాయాలండీ. నా చేతిలో లేదు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వస్తాం, అప్పుడు మొదట మీ ఇంటికే వస్తాను.” ఆయన ఫారం మీద పాపాయమ్మ గారి పేరు, వెనక వీధిలో పొద్దున్నే చూసొచ్చిన ఇంకొకరి పేరు రాసుకుని వెళ్ళిపోయారు.

అనురాధ గారు ఉండిపోయారు. పెన్ను తీసి పద్నాలుగో గడి మీద అడ్డంగా గీత కొట్టారు. “ఆర్నెల్లు ఆగలేరా చిన్నతల్లి గారూ?”

“ఆర్నెల్లు ఏం తినాలండీ?” అంది అమ్మ. కోపంగా అనలేదు, నిజంగా అడిగింది.

శనివారం తొమ్మిదిన్నరకి అమ్మే సత్యం గారికి ఫోన్ చేసింది. “ఆయ్. వస్తానండి. ఆయ్, పన్నెండో రోజుకా? సరేనండి.” ఫోను పెట్టేసి నాన్నకి అన్నం వార్చింది.

మధ్యాహ్నం అనురాధ గారు ఆటోలో కొత్త కుండ ఒకటి తెచ్చి దించారు. గుమ్మంలో పెట్టి, నా తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. అది ఎర్రగా, పచ్చి మట్టి వాసనతో ఉంది. అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. వేలితో కొట్టి మోత విన్నది. తర్వాత పొయ్యి మీద బోర్లించి నన్ను పిలిచింది.

“రా. కూర్చో.”

“నేనా?”

“మరెవరు? పొగకి కళ్ళు మండుతాయి, తుడుచుకోకు, ఇంకా మండుతాయి.”

ఎడమ పక్క ఆకులు, కుడి పక్క పిండి, స్టూలు మీద పళ్ళెం, అనురాధ గారు సర్దినట్టే ఉన్నాయి. అమ్మ నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నా చేతుల మీంచి తన చేతులు పెట్టి గుడ్డ పట్టించింది. లాగాం. పిండి కుండకి ముద్దలా అతుక్కుంది. గోటితో గీకబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“గీకకు. మాడనీ. అదే కావాలి.”

సాయంత్రం దాకా లాగాను. పదిహేడుసార్లు. ఒక్కటీ లేవలేదు. దగ్గు వచ్చి కళ్ళు నీళ్ళు కారాయి. ఏడుస్తున్నానో పొగకో నాకే తెలీలేదు. అమ్మ మాత్రం లెక్కపెట్టుకుంటోంది.

“నలభై రోజులు. నేనుండేది పదకొండు. మిగతా ఇరవై తొమ్మిదీ నువ్వే. పాపాయమ్మత్త చూస్తానంది. కాలేజీకి ముందో పూట, వచ్చేక ఓ పూట. ఆ నోటుబుక్కులో నలభై గళ్ళు గియ్యి. చదవలేను గాని టిక్కులు లెక్కపెట్టగలను. ఫోన్లో చూపించు.”

చేతులు కడుక్కుని నలభై గళ్ళు గీశాను. మొదటి గడి దగ్గర ఎర్ర పెన్ను పట్టుకుని అమ్మ వైపు చూశాను. అమ్మ కుండ వీపు మీద వేలితో రాసింది. తల అడ్డంగా ఊపింది.

“అప్పుడే కాదు. ఇవాళ్టి మంట ఇంకా ఉంది. లాగు.”